అరుగుడు గుర్తు

"ఈ గాడి చూడు జ్యోతీ, వాన నీళ్లని ఎలా పక్కకి తోసేస్తుందో!" అన్నారు మా ఆయన ఉపేంద్ర, కొత్త టైరు మీద బొటనవేలు నెమ్మదిగా నడిపిస్తూ.

ఎల్బీనగర్ చౌరస్తా దగ్గర టైర్ల షాపులో గంట నుంచీ నిలబడి ఉన్నాం. ఆయన కారుది మామూలు ఇంజను కాదు. గట్టిగా తొక్కితే ముందు చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరుగుతాయి, రోడ్డును పట్టుకోవు. ఆ పట్టు కోసం నెల రోజులుగా ఆయన ఫోను చెయ్యని మనిషి లేడు. 'అసూయ' అన్న మాటను సొంత వాక్యంలో రాయమని ఎనిమిదో తరగతి పిల్లలకు చెబుతుంటాను. నా సొంత వాక్యం ఇది: నాకు ఆ కారంటే అసూయ. నాకు జ్వరమొస్తే "మాత్ర వేసుకున్నావా?" అని హాల్లోంచే అడిగే మనిషి, ప్రతి ఆదివారం దాని చక్రాల ముందు మోకాళ్ల మీద కూర్చుంటారు. దాన్ని తుడిచిన గుడ్డలు ఉతికేది నేను.

"మెత్త రబ్బరుదైతే రోడ్డును మంచిగ పట్టుకుంటది సార్. కాని జల్ది అరుగుతది" అన్నాడు షాపు జానయ్య.

"అరిగితే అరగనీ. అదే వెయ్యి."

సకల జనుల సమ్మెకు బస్సులు ఆగిపోయిన రోజుల్లో, నల్లగొండ దవాఖానలో అమ్మకు బాగా లేదని ఫోనొచ్చింది. బయట వాన. "టైర్లు పూర్తిగా అరిగిపోయాయి జ్యోతీ. హైవే మీద జారితే ఇద్దరం పోతాం" అన్నారు. నమ్మాను. ఆటోలు మారి, చౌటుప్పల్ నుంచి పాలవ్యానులో వెళ్లేసరికి అమ్మ లేదు. చివరిదాకా ఆమె చెయ్యి పట్టుకున్నది పక్క మంచం సైదమ్మ అట. నేను ముఖమైనా సరిగా చూడని ఆ మనిషి మీద కూడా నాకు అసూయే.

జానయ్య పాత చక్రం విప్పి, తిప్పి చూశాడు. "గివెందుకు తీపిస్తున్నరు సార్?" గాడి అడుగున ఉన్న చిన్న రబ్బరు గట్టు నాకు చూపించాడు. "గిది అరుగుడు గుర్తు మేడం. టైరు గీడిదాంక అరిగితెనే మార్చాలె. మీది ఇంక మస్తు పైకుంది. నిమ్మళంగ తోలితె ఎంత వానలనన్న బెజవాడ దాంక పోయి రావచ్చు. రేసు లెక్క తొక్కితెనే జారుతది."

అమ్మకు బాగా లేదని ఫోనొచ్చిన రోజు కారుకు ఉన్నవీ ఈ టైర్లే. వంగి గాడిలో వేలు పెట్టాను. గోరు మొత్తం లోపలికి దిగింది.

లేచి ఆయన వైపు చూశాను. ఆయన చూపు తిప్పుకున్నారు.

"రాస్తారోకోలు కదా అప్పుడు. మనది కృష్ణా జిల్లా నంబరు. మీవాళ్లు అద్దాలు పగలగొడితే?"

"మావాళ్లతోని మాట్లాడనీకి నేను పక్కన ఉండేదాన్ని గదా."

ఆయన కొత్త టైరు జానయ్య వైపు దొర్లించారు. బిగింపు పూర్తయ్యాక తలుపు తీసి, "ఎక్కు, రింగ్ రోడ్డు మీద ఒక రౌండ్ వేసి చూద్దాం" అన్నారు.

"మీరు చూసుకోండి. నేను నల్లగొండ పోతున్న."

ఆయన నవ్వబోయారు. "వెళ్లొస్తాను అనాలి జ్యోతీ. పోతున్నా అనకూడదు. ఆ మాత్రం మీ అమ్మ నేర్పలేదా?"

"నేర్పింది" అని రోడ్డు దాటాను.