సొన తిన్న వేళ్ళు

జోజిబాబు చేతులు ఆ నాలుగు రోజుల్లో తెల్లబడ్డాయి. అదే అతని ప్రాణం మీదికి తెచ్చింది.

రెడ్డిగూడెం తోటల్లో మామిడి కోసేవాళ్ళ చేతులు నల్లగా ఉంటాయి. కాయ తొడిమ విరిచినప్పుడు సొన చిమ్ముతుంది. అది పడ్డచోట చర్మం కాలుతుంది, మచ్చ పడుతుంది, ఆ మచ్చ మీద ఇంకో మచ్చ పడుతుంది. వానలు ముదిరితే గాని ఆ నలుపు పోదు. జోజిబాబుకి పద్దెనిమిదేళ్ళ నుంచి అదే పని. ఏనాడూ తన చేతులు చూసుకుని సిగ్గుపడింది లేదు.

భార్య మెర్సీ నర్సు. రెండేళ్ళ కిందట ఇంగ్లండులో ఆసుపత్రి ఉద్యోగం వస్తే వెళ్ళింది. నిరుడు వచ్చి, ఐదేళ్ళ కూతురు జెరూషాని కూడా తీసుకుపోయింది. మెర్సీకి రాత్రి డ్యూటీ పడితే పిల్లని తోటి నర్సు ఇంట్లో పడుకోబెట్టి పోవాలి. ఆ పిల్ల అక్కడ నిద్రపోవడం లేదు. జోజిబాబు వెళితే గాని ముగ్గురూ ఒక గూటికి చేరరు. అందుకని మెర్సీ అక్కడి నుంచే భర్త వీసాకి దరఖాస్తు పెట్టింది. ఇక అతను హైదరాబాదులో వీసా ఆఫీసుకి వెళ్ళి ఫోటో దిగి, పది వేళ్ళ ముద్రలూ ఇచ్చి రావాలి.

"వాళ్ళు చేతులు చూస్తారా?" అని ఫోన్లో అడిగాడు.

"వేళ్ళు అద్దం మీద పెట్టమంటారండీ. అంతే," అంది మెర్సీ.

ఆమె అంతే అని వదిలేసింది గాని, అతను వదల్లేకపోయాడు. ఈ బొగ్గు చేతులు తీసుకుపోయి ఆ అద్దం మీద పెడితే ఏమనుకుంటారు? నర్సుగారి మొగుడు వీడా అనుకోరూ? వీడు మా దేశం వచ్చి ఏం ఉద్ధరిస్తాడని కాగితం కొట్టేస్తే? ఆ భయంతో తోటకి పోవడం మానేశాడు. నాలుగు రోజులు, పొద్దునా సాయంత్రం, బట్టల సోడా పూసుకుని ఇటుక పొడి వేసి రుద్దాడు. తల్లి ఇన్నమ్మ చూసి, "చేతులురా అవి, మూకుళ్ళు కాదు," అంది. వినలేదు.

ఐదో రోజు రేషను బియ్యానికి వెళ్ళాడు. మిషను మీద వేలు పెట్టాడు. ఎర్ర లైటు. ఇంకో వేలు పెట్టాడు. మళ్ళీ ఎర్ర లైటే. డీలరు పాల్ రాజు అతని చెయ్యి పట్టుకుని తిప్పి చూశాడు.

"ఏంటిరా జోజీ, వేలు మీద గీతే లేదు. కోడిగుడ్డులా ఉంది."

"సొన మరకలు పోవాలని రుద్దాను బాబాయ్."

"మరకలతో పాటు నువ్వూ పోయావు. మీ అమ్మని పంపించు, ఆవిడ వేలేస్తే ఇస్తా."

వెనక నిలబడ్డవాళ్ళు నవ్వారు. జోజిబాబు ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకున్నాడు. ఎల్లుండే హైదరాబాదు.

ఆ రెండు రోజులూ వేళ్ళకి కొబ్బరినూనె రాసి గుడ్డ చుట్టుకున్నాడు. గుడ్డ విప్పినప్పుడల్లా కిటికీ దగ్గరికి పోయి చూసుకునేవాడు. ఒక్క గీతా మొలవలేదు.

హైదరాబాదు ఆఫీసులో చల్లటి గదిలో కూర్చోబెట్టి, పేరు పిలిచారు. బల్ల అవతల ఉన్నమ్మాయి మర్యాదగానే మాట్లాడింది.

"నాలుగు వేళ్ళూ కలిపి పెట్టండి సార్. గట్టిగా నొక్కండి."

నొక్కాడు. ఆ పిల్ల తెర వంక చూసి పెదవి కొరుక్కుంది. గుడ్డతో అద్దం తుడిచింది. అతని వేళ్ళూ తుడుచుకోమంది. ఇంకోసారి పెట్టించింది. మరియమ్మ తల్లీ, ఈ ఒక్కసారికి అనుకుంటూ, గోళ్ళు తెల్లబడేదాకా అదిమాడు.

"పని ఏం చేస్తారు సార్?"

"మామిడికాయలు కోస్తానండీ."

ఆ పిల్ల అతని వేళ్ళ వంక చూసింది. "వచ్చినంతవరకు పంపిస్తున్నాను. వాళ్ళకి చాలకపోతే మళ్ళీ పిలుస్తారు. దరఖాస్తులో ఇచ్చిన మెయిల్‌కి కబురొస్తుంది."

"చాలకపోతే వీసా ఇవ్వరా అమ్మా?"

"అది మా చేతుల్లో లేదు సార్."

మెట్లు దిగుతుంటే మెర్సీ ఫోను. "పడ్డాయా అండీ?" వెనక నుంచి పిల్ల గొంతు, "నాన్న ఎప్పుడొస్తాడు?" అంటోంది.

"పడ్డాయి," అన్నాడు.

ఆ ఒక్క మాట అతన్ని తినేసింది. దరఖాస్తులో ఇచ్చిన మెయిల్ మెర్సీది. ఏ కబురొచ్చినా ముందు ఆమెకే తెలుస్తుంది. ఇంట్లో కూర్చుంటే వేళ్ళు చూసుకోవడం తప్ప వేరే పని లేదు. తల్లి చూసి ఏంటని అడిగితే దాచలేడు. ఆవిడ నోట్లో నువ్వు గింజ నానదు, మెర్సీకి చెప్పేస్తుంది. అందుకని మూడో రోజే కాయలు కోసే దోటి భుజాన వేసుకుని మళ్ళీ తోటకి పోయాడు. సొన పడితే ఉన్న గీతలూ పోతాయి, పోకూడదని తెలుసు. తెలిసే పోయాడు.

"ఏంటి బావా, లండన్ పోయేవాడికి ఇంకా ఈ కాయలెందుకు?" అన్నాడు తోటి కూలీ గోపి. "పెళ్ళాం సంపాదిస్తుంటే కూర్చుని తినటం ఇప్పట్నుంచే నేర్చుకో, అక్కడికి పోయాక కష్టం."

జోజిబాబు నవ్వలేదు. బంగినపల్లి అయిపోయింది, చిన్నరసాలు కోస్తున్నారు. సొన మళ్ళీ వేళ్ళ మీద పడింది. మెత్తటి చర్మం కదా, ఈసారి మంట పుట్టించింది.

ఫోను మోగితే చాలు, చేతిలో పని వదిలేసేవాడు. మెర్సీ మొదటి మాట వినేదాకా ఊపిరి తీసేవాడు కాడు. తిన్నారా అని మొదలుపెడితే, ఆ పూటకి గండం గడిచినట్టే.

హైదరాబాదు వెళ్ళొచ్చిన పన్నెండో రోజు మధ్యాహ్నం ఆమె తిన్నారా అనలేదు.

"ఎక్కడున్నారు?"

"తోటలో."

"మెయిల్ వచ్చింది. ముద్రలు సరిగ్గా లేవంట. పది రోజుల్లో మళ్ళీ ఇమ్మన్నారు, లేకపోతే దరఖాస్తు చెల్లదంట. మీరు పడ్డాయన్నారుగా?"

అతను దోటి చెట్టుకి ఆనించాడు.

"వీడియో పెడుతున్నా. చేతులు చూపించండి."

చేతులు లుంగీకి తుడుచుకున్నాడు. గోపిని పిలిచి ఫోను పట్టుకోమన్నాడు. గోపి అతని మొహం చూసి, ఎగతాళి మానేసి పట్టుకున్నాడు. తెర మీద మెర్సీ డ్యూటీ బట్టల్లోనే ఉంది. ఆసుపత్రిలో పుండు చూసే మనిషిలా మొహం దగ్గరికి తెచ్చింది.

"ఇవాళ కూడా కోశారా?"

"పొద్దున్నుంచీ."

"ఎందుకండీ?"

"ఇంట్లో ఉంటే భయమేసింది."

తిడుతుందనుకున్నాడు. తిట్టలేదు.

"నీడగా ఉంది, ఎండలోకి రండి. ఒక్కొక్క వేలూ చూపించండి."

ఫోనులో మెర్సీతో సహా ముగ్గురూ చెట్టు కింద నుంచి ఎండలోకి వచ్చారు. చిటికెన వేలు చూపించాడు. చూసి, "తర్వాతది," అంది. ఉంగరం వేలు చూపించాడు. "తర్వాతది."

"పది రోజులకి వస్తాయా?"

"మాట్లాడకండి, ఫోను కదులుతోంది."

"ఫోను కాదక్కా," అన్నాడు గోపి మెల్లగా. "బావ చెయ్యి."

జోజిబాబు ఎడమచేత్తో కుడి మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు. మధ్య వేలు అయింది. చూపుడు వేలు దగ్గర మెర్సీ ఆగిపోయింది. కళ్ళు చికిలించి మొహం ఇంకా దగ్గరికి తెచ్చింది. అతను చెయ్యి కిందికి దించబోయాడు.

"దించకండి," అంది ఆమె. "ఇంకా చూస్తున్నా. అలాగే ఉంచండి."