పక్కవాళ్ళ ఎద్దు మీద పాట

నైరోబీలో జిమ్మర్‌మన్ పేటలో ఆ ఇద్దరు అమ్మాయిలు అద్దెకున్న గదిలో, స్టవ్ పైన గోడకి ఒక పత్రిక అట్ట అతికించి ఉండేది. అట్ట మీద మొహం అకూచ్‌ది. కింద అచ్చయిన పేరు న్యారువాచ్‌ది. ఆ పేరు మీద అకూచ్ దెబ్బలకి వేసే ప్లాస్టర్ ఒకటి అంటించి, దాని మీద పెన్నుతో తన పేరు రాసుకుంది. కూర తాలింపు పడ్డప్పుడల్లా ఆ ప్లాస్టర్ కాస్త ఊడేది, మళ్ళీ అదిమేది.

పారిస్ నుంచి వచ్చిన పత్రికవాళ్ళు లాము దీవిలో సముద్రం ఒడ్డున ఇద్దరికీ ఒకే రోజు ఫొటోలు తీశారు. ఇద్దరూ దక్షిణ సూడాన్ వాళ్ళు, ఇద్దరూ నల్లగా, పొడుగ్గా ఉంటారు, ఇద్దరివీ గుండు తలలే. ఇంకేం, ఆ మహానుభావులకి అంతకు మించి ఏమీ కనబడలేదు. అకూచ్‌ది గుండ్రటి మొహం, ముందు పళ్ళ మధ్య సందు. న్యారువాచ్‌ది కోల మొహం, చెవి కింద చిన్నప్పుడు కాలిన మచ్చ. వీధి చివర మందాజీ బూరెలు వేయించే ఆవిడ పొగలోంచి చూసి కూడా ఎవరు ఎవరో చెప్పేది. చూడడమే వృత్తిగా బతికేవాళ్ళకి మాత్రం చేతకాలేదు.

ఊళ్ళో అయితే ఈ ఇద్దరూ ఒక గదిలో ఉండాల్సినవాళ్ళు కారు. న్యారువాచ్ న్యువేర్ పిల్ల, అకూచ్ డింకా పిల్ల. తాతల కాలం నుంచి ఒకరి మందల్ని ఒకరు తోలుకుపోయిన జనం. నైరోబీలో మాత్రం ఒకే గిన్నెలో తినేవారు. ఆ అట్ట వచ్చిన రోజు అకూచ్ పడీపడీ నవ్వింది. "మా ఆవులన్నీ అయిపోయాయి కాబట్టి ఇప్పుడు మొహాలు తోలుకుపోతున్నారు మీవాళ్ళు" అంది. తర్వాత స్నానాల గదిలోకి వెళ్ళి, కుళాయి తిప్పుకుని చాలాసేపు బయటికి రాలేదు. న్యారువాచ్ తలుపు కొట్టలేదు.

వాళ్ళిద్దరినీ మోడళ్ళని చేసిన మనిషి కమాండె. కిలిమానిలో అతనికి ఒక చిన్న ఆఫీసు, అందులో పెద్ద అద్దం, మెడలో ఎప్పుడూ వేలాడే కొలత టేపు. చెడ్డవాడు కాదు. కాకుమా శరణార్థి శిబిరంలో బాస్కెట్‌బాల్ ఆడుతున్న న్యారువాచ్‌ని చూసి, "ఈ పిల్ల నడుస్తుంటే నేల పక్కకి తప్పుకుంటోంది" అన్నవాడు అతనే. కాకపోతే ఏ ఎండకి ఆ గొడుగు పట్టే రకం. పత్రికవాళ్ళకి ఉత్తరం రాసి పేరు దిద్దిస్తానని అకూచ్‌కి మాటిచ్చాడు. వాళ్ళతో గొడవ పెట్టుకుంటే మళ్ళీ పిలవరని ఆ మాట మింగేశాడు.

న్యారువాచ్‌కి కావలసింది న్యూయార్క్. అక్కడ సెప్టెంబరులో జరిగే ప్రదర్శనల్లో నడవాలి. డబ్బుకి పారిస్ అయినా సరిపోయేది. కానీ ఈ వృత్తిలో న్యూయార్క్‌లో నడవనివాళ్ళని నడక సగమే వచ్చినవాళ్ళని అంటారు, ఆ మాట ఆమెకి ఒళ్ళు మంట. దానికి అమెరికావాళ్ళు ఇచ్చే వీసా పేరే అసాధారణ ప్రతిభావంతుల వీసా. వయొలిన్ వాయించే మహా విద్వాంసులూ, అందమైన బట్టలు వేసుకుని నిటారుగా నడిచే ఆడపిల్లలూ ఒకే పేరు కింద వెళతారు. ఒకసారి ఆమెకి ఇవ్వలేదు, సాక్ష్యం చాలదన్నారు. ఇప్పుడు ఆమెకి ఇరవై మూడు. మోడల్‌కి అది పెళ్ళికి నలభై లాంటిది. ఈ ఏడు తప్పితే మళ్ళీ పిలిచేవాళ్ళుండరు.

ఈసారి న్యూయార్క్ ఏజెన్సీవాళ్ళ లాయరు దస్తావేజులు తయారుచేసి పంపాడు. అమెరికా ప్రభుత్వంవాళ్ళు వాటిని ఒప్పుకున్నారు కూడా. ఇక మిగిలింది గిగిరిలో అమెరికా ఎంబసీ వీసా కిటికీ దగ్గర ఇంటర్వ్యూ ఒక్కటే. దానికి ముందు కమాండె ఆమెని పిలిచి, ఆ కాగితాల కట్ట చేతిలో పెట్టాడు. న్యారువాచ్ మొదటి పేజీ తిప్పింది. ఆ అట్టే. అకూచ్ మొహం, కింద తన పేరు. దానికింద, ఈ ముఖచిత్రమే ఆమె అసాధారణ ప్రతిభకి అన్నిటికన్నా పెద్ద నిదర్శనమని లాయరు పొగడ్తలు.

"ఇది నేను కాదు కదా అన్నా" అంది న్యారువాచ్.

"పేరు నీదే కదా తల్లీ. మొహం సంగతి మొహం చూసుకుంటుంది."

ఆమె ఊరుకోలేదు. తీసేయమంది. కమాండె కుండ బద్దలు కొట్టాడు. ఒప్పుకున్న కాగితాల్లో ఇప్పుడు వేలు పెడితే మోసం అంటారు, జన్మలో ఆ దేశం గడప తొక్కనివ్వరు. పైగా ఎవరు చూస్తారు? ఎవరికి తెలుస్తుంది? మరి అకూచ్‌ని న్యూయార్క్ పంపే కాగితాల మాటేమిటని ఆమె అడిగింది. అకూచ్ పేరు మీద ముఖచిత్రమే లేదు కాబట్టి న్యూయార్క్‌వాళ్ళు ఆమెని ఈ ఏటికి పక్కన పెట్టారని, ఆ సంగతి ఆమెకి నెమ్మదిగా చెబుదామనుకుంటున్నానని కమాండె అన్నాడు. తను ఎక్కుతున్న మెట్టు అకూచ్ మెడ అని అప్పుడే అర్థమైంది న్యారువాచ్‌కి.

ఇంటికొచ్చి దాచకుండా చెప్పేసింది. అకూచ్ పెనం మీద జొన్నపిండి కిస్రా పోస్తోంది. విని, గరిటె ఆపకుండా అట్టు తీసి పక్కన పెట్టింది. "దొరికితే దొంగ, దొరక్కపోతే దొర. వెళ్ళు. నేనేం అడ్డుపడను" అంది. ఎంత సేపటికీ తల తిప్పలేదు. "ఒకటి మాత్రం చెప్పు. అక్కడ వాళ్ళు నీ అందం పొగుడుతుంటే, నా పళ్ళ సందు గురించి ఏం చెప్తావు?"

ఆ రోజు కిస్రా ఎవరి ముక్క వాళ్ళు విడిగా తిన్నారు. ఆ గదిలో అలా జరగడం అదే మొదలు.

ఇక్కడ ఒక సంగతి చెప్పుకోవాలి. న్యువేర్‌లలోనైనా డింకాలలోనైనా మగపిల్లవాడు పెద్దవాడయ్యాక తండ్రి ఒక ఎద్దుని ఇస్తాడు. దాని రంగే వాడికి ఇంకో పేరు అవుతుంది. దాని మీద పాట కట్టి, కొమ్ముల్లా చేతులు ఎత్తి, అందరి ముందూ పాడతాడు. తన ఎద్దుని ఎంత పొగుడుకున్నా తప్పులేదు, గొప్పలకి హద్దే లేదు. కానీ పక్కవాడి ఎద్దు మీద పాడితే వాడి బతుకు అయిపోయినట్టే. ఆడపిల్లలు ఆట మధ్యలో వీపు తిప్పి వెళ్ళిపోతారు.

న్యారువాచ్ నాన్నది నల్లటి ఎద్దు, మొహం మాత్రం తెలుపు. యుద్ధంలో అది పోయింది, మంద మొత్తం పోయింది. కాకుమా దుమ్ములో ఆయనకి ఒక మేక కూడా లేదు. అయినా సాయంత్రాలు రేకుల గుడిసె ముందు చేతులెత్తి ఆ నల్ల ఎద్దు మీదే పాడేవాడు. ఎవరో నవ్వుతూ, లేని ఎద్దే కదా, పక్క గుడిసె అతని తెల్లెద్దు ఇంకా పెద్దది, దాని మీద పాడవయ్యా అన్నారు. ఆయన వారం రోజులు ఆ మనిషితో మాట్లాడలేదు. లేని ఎద్దైనా ఎవరిది వాళ్ళదే. ఆ శిబిరంలో న్యారువాచ్ కుటుంబాన్ని లెక్క రాసుకునేటప్పుడు అంకె ఉన్న పలక ఒకటి గుండెల మీద పట్టించి ఫొటో తీశారు. ఆ పలక వెనక చిన్న న్యారువాచ్ కూడా ఉంది. మనిషిని అంకె చేసిన చోట కూడా నాన్న పాట నాన్నదిగానే మిగిలింది.

ఇంటర్వ్యూ రోజున అకూచ్ తోడు వచ్చింది. రానంటుందేమో అనుకున్న న్యారువాచ్ ఏమీ అడగలేదు. లోపలికి ఫోన్లు పట్టుకెళ్ళనివ్వరు కాబట్టి అకూచ్ రోడ్డుకి అవతల చెట్టు కింద రెండు ఫోన్లూ పట్టుకుని నిలబడింది. వరసలో అందరికీ తెలిసిన లెక్క ఒకటుంది: కిటికీలో ఆఫీసరు పాస్‌పోర్టు ఉంచుకుంటే వీసా వచ్చినట్టు, తిరిగి ఇచ్చేస్తే పోయినట్టు. అందుకే బయటికి వచ్చేవాళ్ళ మొహం ఎవరూ చూడరు, చేతులు చూస్తారు.

ఆఫీసరు నడివయసువాడు, ఓపికైన మనిషి. చెయ్యెత్తి అన్నీ నిజాలే చెబుతానని ప్రమాణం చేయించాడు. మామూలు ప్రశ్నలు అడిగాడు. పాస్‌పోర్టు అప్పటికే తన వైపు పెట్టుకున్నాడు. ఇంకో నిమిషం నోరు మూసుకుని ఉంటే న్యూయార్క్ వచ్చేసేది. అతను పేజీ తిప్పి, ఆ అట్ట చూసి, చాలా బావుందన్నాడు.

"అది నేను కాదు సార్" అంది న్యారువాచ్.

అతను కింద అచ్చయిన పేరు చూశాడు. "మీ పేరే ఉంది కదమ్మా."

"పేరు నాదే. మొహం నా స్నేహితురాలిది. పేరు అకూచ్. రోడ్డు అవతల నా ఫోను పట్టుకుని నిలబడింది, కావాలంటే పిలిపించి పక్కన పెట్టి చూడండి. పత్రికవాళ్ళు తప్పు వేశారు. మావాళ్ళు ఆ తప్పునే కాగితాల్లో పెట్టారు."

"ఈ మాట చెప్తే ఏమవుతుందో తెలుసా?"

"తెలుసు. మిగతా పేజీలు తిప్పండి సార్. ఇది నేను. ఇదీ నేనే. ఇది కేప్‌టౌన్‌లో వానలో నడిచాను, ఒక చెప్పు తెగిపోయింది, అయినా ఆగలేదు, అది నేనే. నా నడక మీద నేను ఎంత గొప్పలైనా చెప్పుకుంటాను, అడగండి. ఇంకొకరి మొహం మీద మాత్రం ఒక్క ముక్క చెప్పను. వాటిని చూసి ఇస్తే ఇవ్వండి, లేకపోతే మానేయండి."

అతను మిగతా పేజీలు నిజంగానే ఒక్కొక్కటీ చూశాడు. చెప్పు తెగిన ఫొటో దగ్గర కాసేపు ఆగాడు. తర్వాత, తన చేతిలో ఏమీ లేదని, కాగితాల్లో అబద్ధం ఉందని తెలిశాక వాటిని వెనక్కి పంపడమే నియమమని చెప్పాడు. తప్పు ఆమెది కాదని, ఆమే స్వయంగా చెప్పిందని రాస్తానన్నాడు. పాస్‌పోర్టులో ఒక చీటీ పెట్టి కిటికీ కిందనుంచి బయటికి తోశాడు.

న్యారువాచ్ ఆ పాస్‌పోర్టు దాచుకోకుండా చేత్తో పట్టుకునే రోడ్డు దాటింది. వరసలో ఉన్నవాళ్ళందరూ చూశారు. తల వంచలేదు. అకూచ్ ఆ చేతి వంక చూసి, వెంటనే విషయం పట్టేసింది.

"చెప్పేశావా?"

"నీ ఆవుని నీ దొడ్లో కట్టేసొచ్చాను. ఇంక మావాళ్ళని దొంగలనకు."

"పిచ్చిదానా" అంది అకూచ్. ఆ తర్వాత నడిరోడ్డు మీద ఆమెని పట్టుకుని ఏడ్చింది. ఈసారి కుళాయి అవసరం రాలేదు.

కమాండె ఆ కబురు విని కొలత టేపు తీసి బల్లకేసి కొట్టాడు. తన పరువు గంగలో కలిపిందన్నాడు. గోడ మీద ఆమె ఫొటో దింపించాడు. ఫోను చేస్తే ఎత్తలేదు. న్యారువాచ్ మళ్ళీ చపాతీ, బీన్స్ కడుపునిండా తినడం మొదలుపెట్టింది. నడుము కొలిచేవాళ్ళు లేకపోవడంలో అంత సుఖం ఉందని మరిచిపోయానని అంది. అది సగం అబద్ధమని అకూచ్‌కి తెలుసు. సెప్టెంబరు తేదీలు పడ్డ క్యాలెండరు కాగితం ఆమె ఇంకా చింపలేదు.

వానలు తగ్గాక కమాండె తనంతట తనే ఫోను చేశాడు. గొంతులో తేనె. న్యూయార్క్‌లో ఒక పెద్ద డిజైనరు ఆ అట్ట చూసి, తన ప్రదర్శన మొదలుపెట్టడానికి ఆ పిల్లే కావాలని పట్టుబట్టాడట. ఏజెన్సీ పెద్దావిడ స్వయంగా వీడియోలో మాట్లాడుతుందట. ఇద్దరూ రావాలట.

వెళ్ళారు. తెరమీద ఆవిడ కనబడగానే చేతులు జోడించినంత పని చేసింది. జరిగినదానికి సిగ్గుపడుతున్నానంది. "నీ నిజాయితీకి నా కళ్ళు చెమర్చాయి న్యారువాచ్" అంటూ, అకూచ్ వంకే చూస్తూ, క్షమించమని అడిగింది.

అకూచ్ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "నేను అకూచ్‌ని. మీకు కావలసిన మొహం నాది. న్యారువాచ్ ఇదిగో, ఇది. మీరు చెయ్యాల్సిన పని చేసి వీసా పోగొట్టుకుంది. ఇప్పుడు వినండి. రెండు దస్తావేజులు, ఎవరి ఫొటోలు వాళ్ళవి, ఒకే రోజు పంపాలి. దానిది వెళ్ళకపోతే నేను రాను. మీ డిజైనరుకి మొదటి అడుగు వెయ్యడానికి వేరే కాళ్ళు వెతుక్కోమనండి."

ఆవిడ గబగబా ఒప్పుకుంది. న్యారువాచ్‌ది ఈసారైనా వస్తుందని మాటివ్వలేనంది. మాటివ్వక్కర్లేదు, నిజం పంపితే చాలని న్యారువాచ్ అంది. అప్పుడు ఆవిడకి ఒక తెలివైన ఉపాయం తట్టింది. మళ్ళీ పొరపాటు జరగకుండా ఇద్దరూ చెరో కాగితం మీద పేరు పెద్దగా రాసి, గుండెల మీద పట్టుకుంటే ఫొటో తీసి పెట్టుకుంటానంది. కమాండె అప్పుడే కాగితాలు, పెన్నులు తెచ్చి ముందు పెట్టాడు.

న్యారువాచ్ కాగితం తీసుకుంది. మడిచి బల్ల మీద పెట్టింది.

"పలక పట్టుకుని ఫొటో దిగడం నాకు కాకుమాలోనే అయిపోయిందమ్మా. ఇంక దిగను. మీరు మనుషుల్ని చూసి బతికేవాళ్ళు. మమ్మల్ని చూసి నేర్చుకోండి. ఎంతసేపైనా కూర్చుంటాం."

అకూచ్ కూడా తన కాగితం పక్కకి నెట్టి, కుర్చీ దగ్గరికి జరుపుకుంది. ఇద్దరూ పక్కపక్కన కదలకుండా కూర్చున్నారు. తెరమీద ఆవిడ సొరుగులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుని, ముందుకి వంగి, ఇద్దరి మొహాలూ చూడడం మొదలుపెట్టింది.