పట్టపగలు కూసే పెట్టె

నూకరత్నం డాబా మీద వడియాలు పెడుతుండగా కింద సైరన్ మోగింది. పిండి చేతులతోనే మెట్లు దిగి, హాల్లోకి పరుగెత్తి, గోడకున్న అలారం పెట్టె తాళం తిప్పింది. చప్పుడు ఆగింది. చెవుల్లో హోరు ఆగలేదు. ముందు తలుపు వేసే ఉంది. వెనక తలుపు తాళం వేసే ఉంది. దొంగ కాదు గదా, పిల్లి కూడా లేదు. ఆమె మళ్ళీ డాబా ఎక్కేసరికి కాకులు వడియాల మీద పడి ఉన్నాయి.

స్మృతి నగర్‌లో వాళ్ళ వీధికి ఆ పెట్టె వచ్చి ఇంకా నెల కూడా కాలేదు. పై వరసలో ఒకరింట్లో, ఇల్లాలు వంటింట్లో ఉండగానే ఎవడో కిటికీ తీసి వెండి సామానంతా పట్టుకుపోయాడు. అది విన్నప్పటి నుంచీ నూకరత్నం భర్త సత్యమూర్తికి నిద్ర పట్టలేదు. ఆయన స్టీల్ ప్లాంటులో రంగుల కాంట్రాక్టులు చేస్తాడు. రాయపూర్ వెళ్ళి, ఈ దొంగల అలారం కొని, బిగించే మనిషిని కూడా వెంటబెట్టుకొచ్చాడు. తలుపులకీ కిటికీలకీ చిన్న చిన్న అయస్కాంతాలు పెట్టి, ఇల్లంతా చుట్టి ఒక సన్నని తీగ లాగారు. ఎక్కడ తెరిచినా, ఎక్కడ తీగ తెగినా చూరు కింది సైరన్ మోగుతుంది. నూకరత్నం ఇంట్లో ఒంటరిగా ఉన్నంతసేపూ అది వేసే ఉంచాలని సత్యమూర్తి ఆజ్ఞ.

సైరన్ మూతి సరిగ్గా పక్కింటి గౌరీదేవి వరండా వైపు ఉంది. ఆమె రిటైరైన టీచరమ్మ. మధ్యాహ్నాలు పిల్లలకి లెక్కలు చెప్పుకుంటుంది. మొదటిసారి మోగినప్పుడు వీధి వీధంతా కర్రలతో వచ్చింది. తరవాత కొందరు చూసి పోదామని వచ్చారు. ఆ తరవాత ఎవరూ రాలేదు. గౌరీదేవి ఒక్కతే గోడ దగ్గరికొచ్చి, కళ్ళద్దాలు పైకి తోసుకుని, "ఆజ్ కౌన్ ఆయా, బెహన్‌జీ?" అని అడిగేది. ఈ రోజు ఎవరొచ్చారని ఆ వెటకారం. కొన్నాళ్ళకి అదీ మానేసి, మొహం తిప్పుకోవడం మొదలుపెట్టింది.

సాయంత్రం సత్యమూర్తి రాగానే నూకరత్నం నిలదీసింది.

"మీరు పొద్దున్నే సైట్‌కెళ్ళిపోతారు. దీంతో కాపరం నేను చేస్తన్నాను. బాగు చేయిస్తారా, పీకి పారేయమంటారా?"

"చేయిస్తన్నాను కదే. రాయపూర్‌కి ఫోన్ చేసినాను."

"ఏటన్నారు?"

"బిగించినోడు పని మానీసినాడంట. వోల్టేజీ గొడవై ఉంటాది, స్టెబిలైజర్ పెట్టుకోండి అన్నారు."

స్టెబిలైజర్ వచ్చింది. దాని మీద చిన్న ఎర్రదీపం వెలిగింది. మర్నాడు మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చింది, సైరన్ మోగింది.

తరవాత పవర్ హౌస్ బజారు నుంచి రేడియో మెకానిక్ వచ్చాడు. పెట్టె విప్పి, లోపల ఏదో కాల్చి అతికి, "అబ్ పక్కా హై, దీదీ" అని, ఇక ఢోకా లేదని భరోసా ఇచ్చి వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం నుంచి పెట్టె మీద చెయ్యి పడితే చాలు, అది కూయడం మొదలుపెట్టింది. మళ్ళీ పిలిపిస్తే అతను తల గోక్కుని, రేడియోలైతే తెలుసుగానీ ఇలాంటిది ఇదే మొదటిసారి చూడటమని ఒప్పుకున్నాడు. తను వేసిన అతుకు విప్పి, మొదట ఎలా ఉందో అలా చేసి వెళ్ళాడు. నూకరత్నానికి అదే మహోపకారంగా తోచింది.

మూడోవాడు సత్యమూర్తి సొంత మనిషే. సైట్లో షెడ్లకి వైరింగు చేసే ఎలక్ట్రీషియన్. వచ్చాడు, చూశాడు, నిచ్చెనెక్కాడు, దిగాడు. ఆ పూట సైరన్ మోగలేదు. మర్నాడూ మోగలేదు. సత్యమూర్తి మీసం దువ్వుకుంటూ, "చూసినావా? మన మనిషంటే అదీ" అన్నాడు. నూకరత్నానికి నమ్మకం కుదరక, పెట్టె వేసి వెనక తలుపు బార్లా తీసింది. చప్పుడు లేదు. ముందు తలుపు తీసింది. చప్పుడు లేదు. ఆ మహానుభావుడు సైరన్‌కి వెళ్ళే తీగ కత్తిరించేశాడు.

ఆమె తలుపులు రెండూ తెరిచి ఉంచి, భర్త మొహం కేసి అలా చూస్తూ నిలబడింది. సత్యమూర్తి నిచ్చెనెక్కి, తీగ కలిపి వచ్చాడు.

ఆ వారమే చరోదా రైల్వే కాలనీ నుంచి నూకరత్నం పిన్ని కోటమ్మ వచ్చింది. కాఫీ గ్లాసు నోటి దగ్గర పెట్టుకుందో లేదో, సైరన్ కూసింది. కాఫీ చీర మీద ఒలికింది.

"ఏటే ఇది! ఇంట్లో రైలింజను కట్టినారేటి?" అంది కోటమ్మ గుండె పట్టుకుని.

నూకరత్నానికి ఏడుపు వచ్చినంత పనైంది. పూసగుచ్చినట్టు అంతా చెప్పింది. పిన్ని చీర దులుపుకుంటూ విని, "మా పక్కింటి అప్పలసూరిగారు రైల్వేలో సిగ్నల్ ఇన్‌స్పెక్టరు. బతుకంతా తీగలతోనే. నువ్వే వచ్చి అడుగు. ఆయనకి కోపం జాస్తి, బెదిరిపోకు" అంది.

"రైలు సిగ్నల్‌కీ ఇంటి గంటకీ ఏటి సంబంధం?" అన్నాడు అప్పుడే ఇంటికొచ్చిన సత్యమూర్తి. నూకరత్నం ఆయన మాట విననట్టే చెప్పులేసుకుంది. టెంపో ఎక్కి చరోదా వెళ్ళింది.

అప్పలసూరి వరండాలో కూచుని పేపరు చదువుతున్నాడు. బట్టతల, మందపాటి కనుబొమలు. ఆమె మూడు దెబ్బలు తిని ఉంది కాబట్టి కూచోకుండానే అడిగేసింది.

"బాబాయిగారూ, ఏమీ అనుకోకండి. ఈ పని మీకు నిజంగా వచ్చునా? రాదంటే ఇప్పుడే చెప్పీయండి."

లోపలి నుంచి ఆయన భార్య ఎవరా అని తొంగి చూసింది. అప్పలసూరి పేపరు మడిచాడు.

"పెట్టె లోపల సంగతి సగమే తెలుసమ్మా. తీగ సంగతి పూర్తిగా తెలుసు. తప్పు పెట్టెలో ఉంటే నా వల్ల కాదని చెప్పీసి, ఎవరి వల్ల అవుతాదో చెప్పి వచ్చేస్తాను. చాలా?"

ఇన్నాళ్ళలో తనకేం తెలియదో ముందే చెప్పిన మనిషి ఈయనొక్కడే. ఆమెకి సగం బరువు దిగింది.

ఆదివారం పొద్దున్న ఆయన తన మీటరూ, చేతిసంచీ తీసుకుని వచ్చాడు. తీగ ఎటు నుంచి ఎటు వెళ్ళిందో బొమ్మ గీసి ఉందా అని అడిగాడు. లేదన్నాడు సత్యమూర్తి.

"పోనీ, ఎప్పుడు కూస్తాది?"

"ఎప్పుడు పడితే అప్పుడేనండి!"

"అలాగ కూయదు" అని కసిరి, ఆయన నూకరత్నం వైపు తిరిగాడు. "ఇంట్లో ఉండేది నువ్వు. నువ్వు చెప్పు."

ఆమె ఆలోచించింది. "పొద్దున్న కూయదు. మధ్యాహ్నాలే. కరెంటు పోయి వచ్చినప్పుడు తప్పకుండా కూస్తాది. అందుకే అందరూ కరెంటు, కరెంటంటారు. కానీ కరెంటు పోని రోజుల్లోనూ కూసింది."

"కరెంటు వచ్చినప్పుడు ఇంట్లో ఏటి కదుల్తాది?"

"ఫాను."

"పొద్దున్న ఫాను తిరగదా?"

"తిరుగుతాది. కానీ పొద్దున్న కర్టెన్లు కట్టేసి ఉంటాయి. ఎండెక్కినాక దింపుతాను." ఆ మాట నోట్లో ఉండగానే ఆమె హాలు కిటికీ వైపు చూసింది. ఆయనా చూశాడు.

అయినా ఆయన తొందరపడలేదు. కర్టెన్లు దింపించి, ఒక్కొక్క తలుపునీ, ఒక్కొక్క కిటికీనీ తీగ నుంచి తప్పిస్తూ, ఫాను వేస్తూ, తీస్తూ మధ్యాహ్నం దాకా పరీక్షించాడు. సత్యమూర్తి సలహా చెప్పబోయిన ప్రతిసారీ చెయ్యెత్తి ఆపాడు. హాలు కిటికీని తప్పించినప్పుడు మాత్రం ఫాను ఎంత తిరిగినా సైరన్ మోగలేదు. ఆయన స్టూలెక్కి, కర్టెన్ కడ్డీ కొక్కెం విప్పి, దాని మేకు బయటికి లాగాడు. మేకు వెనక తీగ సగం తెగి, వెంట్రుకలా వేలాడుతోంది. ఫాను గాలికి పరదా ఊగితే కొక్కెం కదులుతుంది, కొక్కెం కదిలితే తీగ విడిపోతుంది.

"ఈ మేకు ఎవరు కొట్టినారు?"

సత్యమూర్తి గొంతు సవరించుకున్నాడు. అలారం పెట్టిన మర్నాడే, ఇల్లు అందంగా ఉండాలని ఆయనే తన కూలీ చేత ఆ కడ్డీ పెట్టించాడు.

నూకరత్నం నవ్వలేదు. నవ్వు రాలేదు కూడా. నెలరోజుల మధ్యాహ్నాలు, కాకులు తిన్న వడియాలు, గౌరీదేవి తిప్పుకున్న మొహం, అన్నీ ఆ చిన్న కన్నంలోంచి కనిపించాయి. "ఒక్కసారి నన్నడిగుంటే" అని మాత్రం అంది.

అప్పలసూరి కొత్త తీగ వేసి, అది కర్టెన్ జోలికి పోకుండా చుట్టూ తిప్పాడు. సైరన్ మూతి వీధి వైపు మళ్ళించాడు. పెట్టె ఎప్పుడు వెయ్యాలో, ఎప్పుడు తియ్యాలో ఇంట్లో ఉండే మనిషే తేల్చుకోవాలని చెప్పి, తాళంచెవి నూకరత్నం చేతిలో పెట్టాడు. సత్యమూర్తి కాదనలేకపోయాడు. ఆమె అప్పలసూరికి కడుపునిండా భోజనం పెట్టి, చరోదా దాకా దిగబెట్టమని భర్తని పంపింది. తరవాత గిన్నెడు పాయసం పట్టుకుని పక్కింటికి వెళ్ళింది. గౌరీదేవి పాయసం తీసుకుందిగానీ, ఇక ఊరికే కూయదంటే నమ్ముతానని మాటివ్వలేదు.

వానలు పడ్డాయి. పెట్టె నోరు మూసుకునే ఉంది. నూకరత్నం మధ్యాహ్నాలు హాయిగా కునుకు తీయడం మొదలుపెట్టింది.

ఒకరోజు ఆమె డాబా మీద తడుస్తున్న బట్టలు లాగుతుండగా సైరన్ కూసింది. ఈసారి ఆమెకి విసుగు రాలేదు, భయం వేసింది. బట్టలు అక్కడే పడేసి, బట్టలుతికే బండ కర్ర అందుకుని దిగింది. వెనక తలుపు తీసి ఉంది. గుమ్మంలో, వానలో తడిసి ముద్దైన సత్యమూర్తి రెండు చేతులతో చెవులు మూసుకుని నిలబడ్డాడు. బురద కాళ్ళతో ముందు గదిలోకి రాకూడదని, తన దగ్గరున్న తాళంచెవితో వెనక తలుపు తీసుకుని వచ్చాడు.

"మళ్ళీ పాడైపోనాదే ఇది!" అని అరిచాడు.

"పాడవలేదు. తలుపు తీసినోరు మీరు" అంది నూకరత్నం కర్ర దించి. "ఇలా రండి, ఎలా ఆపాలో చూపిస్తాను."

పెట్టె దగ్గర నిలబెట్టి తాళంచెవి ఇచ్చింది. ఆయన ఎడమకి తిప్పాడు. చప్పుడు ఇంకా పెరిగింది. కుడికి తిప్పాడు. ఆగింది. సరిగ్గా వచ్చిందా లేదా చూసుకుందామని కాబోలు, మళ్ళీ ఎడమకి తిప్పాడు.

గోడ అవతల గౌరీదేవి రేడియో గొంతు పెంచింది.