లింగర్ అంటే

పోటీ పరీక్షకు చదువుతున్నాను. ‘లింగర్’ అనే ఇంగ్లిష్ మాటకు, వెళ్లాల్సిన వేళయినా వెళ్లకుండా ఉండిపోవడం అని అర్థం రాసి ఉంది. దాన్ని వాక్యంలో ఎలా వాడాలో మాత్రం తట్టి చావలేదు.

మిర్యాలగూడలో ఆదివారం చర్చి అయ్యాక మా ఇంటికొచ్చిన మేనత్త దేవమ్మ, “ఇగ పోతున్న దీవెనా” అని నాతో చెప్పి లేచి గంటయింది. ఆమె ఎక్కాల్సిన వేములపల్లి ఆటోలు ఒక్కొక్కటే వెళ్లిపోతున్నాయి. ఆమె గేటు పట్టుకొని అమ్మతో నాట్ల ముచ్చట చెబుతూనే ఉంది. నాకు ఒళ్లు మండింది. ఆ మంటలోనే వాక్యం దొరికింది.

“ఏం రాస్తున్నవే?” అంది అత్త.

“ఇంగ్లిష్‌ల నీ గురించే, అత్తా.”

ఆమె మురిసిపోయి, చెప్పులు మళ్లీ విడిచి మెట్టు మీద కూర్చుంది.

“సదువు, ఇని పోత.”