బూరె పథ్యం

జోగారావు ఇంట్లో కుక్క పేరు బూరె. మూడేళ్ళ కిందట ఎంసెట్‌లో మంచి ర్యాంకు కొట్టిన ఓ కుర్రాడి తండ్రి, స్వీట్ల డబ్బా తెచ్చినంత మర్యాదగా ఒక అట్టపెట్టె తెచ్చి, కెమిస్ట్రీ చెప్పిన జోగారావు సారు చేతిలో పెట్టాడు. అందులో గుండ్రంగా, బంగారు రంగులో, వెచ్చగా ముడుచుకుని ఉన్న పిల్లను చూసి సారు భార్య వేదవతి, "అచ్చం బూరెలా ఉందండీ" అంది. ఆ పేరే ఖాయమైంది.

బూరె పెరుగన్నంతో పెరిగింది. ఇడ్లీ పెడితే ఇడ్లీ తినేది, ముద్దపప్పు కలిపితే పళ్ళెం నాకేది. అమలాపురం దగ్గర నుంచి దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్ల పుణ్యమా అని ఇక్కడికొచ్చి పడ్డ ఆ కుటుంబంలో, ఏడు తరాలుగా కోడిగుడ్డు కూడా గడప దాటి లోపలికి రాలేదు. అటువంటి ఇంట్లో కుక్క కూడా శాకాహారే అయి ఉంటుందని అందరూ అనుకున్నారు. కుక్కను మాత్రం ఎవరూ అడగలేదు.

రెండువేల పదకొండు వేసవిలో దానికి దురద పట్టుకుంది. గోడకు రుద్దుకుని రుద్దుకుని వీపు మీద బొచ్చంతా రాలిపోయింది. మలక్‌పేటలో పశువుల డాక్టరు చూసి, పాలూ పెరుగూ గోధుమా దీనికి పడటం లేదు, కొన్నాళ్ళు మాంసం పెట్టి చూడండి అన్నాడు. డాక్టరు అక్కడితో ఆగాడు. జోగారావు ఆగే మనిషి కాదు, తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం. వారం రోజులు ఇంటర్నెట్ ముందు కూర్చుని, కుక్కకు అసలైన తిండి పచ్చి మాంసమేనని తేల్చేశాడు. ఒక తెల్ల కాగితం మీద 'బూరె – పచ్చి ఆహారం' అని పైన రాసి గీత కొట్టాడు. కింద కుక్క బరువెంత, రోజుకెంత పెట్టాలి, అందులో కండ ఎంత, ఎముక ఎంత, కార్జం ఎంత అని పట్టిక వేసి ఫ్రిజ్ తలుపుకు అంటించాడు. పచ్చిదే ఎందుకు పెట్టాలన్న ముక్క మాత్రం ఆ కాగితంలో లేదు. క్లాసులో రెండువందల మందికి ప్రతిదానికీ కారణం విడమర్చి చెప్పే మనిషి, ఇంట్లో సూత్రం రాసి ఊరుకున్నాడు.

వేదవతి రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు షరతులు చెప్పింది. మాంసం గడప దాటి లోపలికి రాకూడదు, దాని పళ్ళెం మేడ మెట్ల కిందే ఉండాలి, తను ముట్టుకోదు.

ముట్టుకోవాల్సిన పనంతా ముత్తమ్మ మీద పడింది. ముత్తమ్మ ఆ ఇంటి ఓనరు. దేవరకొండ వైపు పల్లె నుంచి మొగుడు మట్టయ్యతో వచ్చి, కొత్తపేట సందులో చికెన్ సెంటర్ పెట్టి, మట్టయ్య ఆటో తోలి, ఇద్దరూ కలిసి ఆ రెండంతస్తులు లేపారు. కింద వాళ్ళుంటారు, పైన జోగారావు వాళ్ళు కిరాయికుంటారు. ముత్తమ్మ రోజూ పొద్దున్నే నాలుగు కోడి మెడలు, రెండు రెక్కలు, కాస్త కార్జం పళ్ళెంలో వేసేది. మొదటి రోజు బూరె వాసన చూసి, రెండడుగులు వెనక్కి వేసి, అనుమతి కోసం వేదవతి మొహంలోకి చూసింది. వేదవతి మొహం తిప్పుకుంది. ఆ తర్వాత పటపటమని నమిలే చప్పుడు వినిపించింది.

"గిన్నొద్దులు దీన్ని పంతుల్ని జేసి కూసోబెట్టినవు గదమ్మా!" అని ముత్తమ్మ పడీ పడీ నవ్వింది.

నెలన్నర తిరిగేసరికి వీపు మీద కొత్త బొచ్చొచ్చింది. వేదవతి ఒప్పుకోక తప్పలేదు. కుక్క తింటున్నంతసేపూ మెట్ల మీద కూర్చుని ముత్తమ్మతో కబుర్లు చెప్పడం కూడా ఆమెకు అలవాటైపోయింది. ఈ ఊళ్ళో ఆమెకు అలా కూర్చునే చోటు ఇంకొకటి లేదు.

సెప్టెంబరులో సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు ఆగాయి, బడులు మూశారు, బొగ్గు రాక కరెంటు కోతలు పెరిగాయి. మట్టయ్య ఆటోకు గులాబీ జెండా కట్టాడు. వనస్థలిపురంలో ఉన్న జోగారావు చుట్టాలు రోజూ ఫోన్ చేసి, "మనవాళ్ళ మధ్యకి వచ్చెయ్యండి, అక్కడెందుకు?" అనేవారు. వేదవతి ఆ మాట చెబితే ముత్తమ్మ, "మా తెలంగాణ మాకొస్తది. నువ్వు గీడనే ఉండు, కిరాయి మాత్రం టైముకియ్యాలె" అని కన్ను గీటింది. కోచింగ్ సెంటరు వాళ్ళు క్లాసులు విజయవాడకు మార్చారు. పది రోజులని చెప్పి జోగారావు వెళ్ళాడు.

అతను వెళ్ళాక రెండు రోజుల బంద్ పిలుపు వచ్చింది. ముందు రోజు సాయంత్రం ముత్తమ్మ ఒక నల్ల కవరు తెచ్చి వేదవతి ముందు పెట్టింది.

"రేపు, ఎల్లుండి దుకాణం బంద్. పొద్దుగాలనే దిల్‌సుఖ్‌నగర్ల వంటావార్పుకు పోతున్న, రోడ్డు మీదనే వండుడు, తినుడు. మా ఫ్రిజ్జు సూస్తే ఖరాబైంది. రెండొద్దులకు సరిపోను మెడలు, రెక్కలు ఇండ్ల ఉన్నయి. నీ ఫ్రిజ్జుల పెట్టుకుంటవా?"

వేదవతి కాసేపు కవరు వైపు చూసింది, తర్వాత బూరె వైపు చూసింది. పెరుగు గిన్నె, కొబ్బరి చెక్కలు కింది అరలోకి దించి, ఆ కవరును ఇంకో నాలుగు కవర్లలో చుట్టి పైన పెట్టింది. పెట్టి తలస్నానం చేసింది.

బంద్ మొదటి రోజు పొద్దున దాని వాటా తీసి పళ్ళెంలో వేసింది. గంట తర్వాత పోయిన కరెంటు సాయంత్రం దాకా రాలేదు. ఫ్రిజ్ కింద నీళ్ళు మడుగు కట్టాయి. తలుపు తీస్తే వాసన తేడాగా ఉంది. పారేస్తే రేపు కుక్క పస్తుంటుంది. పెరుగన్నం పెడితే మళ్ళీ దురద. ఏం చెయ్యాలి? ఫ్రిజ్ లేని రోజుల్లో అమ్మ ఏం చేసేది? పాలు విరగకుండా పూటపూటా కాచేది. అంతకన్నా ఆలోచించాల్సిందేమీ ఆమెకు కనబడలేదు.

కిరోసిన్ స్టవ్ డాబా మీదికి మోసుకెళ్ళింది. పాత అల్యూమినియం గిన్నెలో నీళ్ళు పోసి, మొహం పక్కకు తిప్పుకుని ముక్కలు అందులో వేసి, ముక్కుకు కొంగు కట్టుకుని కాచింది. చెడిపోకుండా చిటికెడు పసుపు వేసింది. పడుకోబోయే ముందు ఇంకోసారి, తెల్లవారి లేచాక ఇంకోసారి కాచింది. ఏడు తరాల్లో ఎవరూ చెయ్యని పని చేసినా ఆమెకు బాధనిపించలేదు. తన మీద తనకు గౌరవం కలిగింది. బూరె ఆ పూట పళ్ళెం కూడా మిగల్చకుండా తిన్నంత పని చేసింది. గిన్నెను మాత్రం కడగడానికి చేతులు రాక, నీళ్ళ ట్యాంకు వెనక దాచింది.

మధ్యాహ్నానికి బూరె మూలన ముడుచుకుంది. వీపు విల్లులా వంచి ముక్కుతుంది, ఏమీ రాదు, కీచుమంటుంది. రెండోసారి ముక్కినప్పుడు రక్తం చుక్కలు పడ్డాయి. వేదవతి విజయవాడకు ఫోన్ చేసింది.

"ఏం తిన్నది?" అన్నాడు జోగారావు.

"రోజూ పెట్టేవేనండీ..."

"ఉడికిన ఎముకలు తినలేదు కదా? పచ్చి ఎముక మెత్తగా నలుగుతుంది వేదా. ఉడికిందంటే పెళుసై సూదుల్లా విరుగుతుంది, పేగుల్ని చీరేస్తుంది. ప్రాణానికే ముప్పు."

వేదవతి డాబా మెట్ల వైపు చూసింది.

"ఆ కింద వాళ్ళే! కూర తిని పడేసి ఉంటారు. మాంసం ముట్టని నీకు చెప్పలేదు గానీ, వాళ్ళకి ఎన్నిసార్లు చెప్పాను! వాళ్ళే కదూ?"

"ఏమో" అంది వేదవతి.

 ఫోన్ పెట్టేసి కిందికి పరిగెత్తింది. వంటావార్పు కోసం కట్టెలు తీసుకెళ్ళడానికి ఇంటికొచ్చిన మట్టయ్య గేటు దగ్గర కనబడ్డాడు. సంగతి విని ఆటో వైపు చూశాడు.

"బంద్ నాడు బండి తీస్తే మా యూనియనోల్లే అద్దాలు పలగొడ్తరమ్మా" అన్నాడు. అంటూనే తాళం చెవి తీశాడు.

దిల్‌సుఖ్‌నగర్ దగ్గర రోడ్డుకు అడ్డంగా ఇటుకల పొయ్యిలు, వాటి మీద డేగిసాలు, చుట్టూ జనం. ఆటోను చూసి పదిమంది మీదికొచ్చారు. "బంద్ పిలుపిచ్చినంక ఆటో ఏందే మట్టన్నా? ఎవలను ఎక్కించుకొస్తున్నవ్?" అని ఒకడు హ్యాండిల్ పట్టుకున్నాడు. చేతిలో గరిటెతో ముత్తమ్మ జనాన్ని తోసుకుంటూ వచ్చి లోపలికి తొంగిచూసింది.

"ఓ, మా బూరె గాదుర ఇది! జరగుర్రి, జరగుర్రి!" అని కేకేసి, గరిటె ఎవరికో ఇచ్చి తనూ ఎక్కింది. ఇటుకలు జరిగాయి. చైతన్యం పుట్టించడానికి చేసిన రాస్తారోకోలో కుక్కకు దారివ్వడం తప్పా ఒప్పా అని వెనకెవరో వాదన పెట్టుకున్నారు. అది తేలే లోపు ఆటో దాటిపోయింది. మూసారాంబాగ్ దాటుతుండగా బూరె సీటు మీదే పసుప్పచ్చగా కక్కింది. ముత్తమ్మ కాసేపు దాన్నే చూసి, కొంగుతో తుడిచి, కుక్క తల ఒళ్ళో పెట్టుకుంది.

డాక్టరు సగం దించిన షట్టరు కింద నుంచి లోపలికి రానిచ్చాడు. పొట్ట నొక్కి చూసి, తలెత్తి, "ఉడికించిన ఎముకలు పెట్టిందెవరు?" అన్నాడు.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు వేదవతి చేతులు కొంగులో దాక్కున్నాయి. చెప్పాలనే నోరు తెరిచింది. ఫోన్లో అన్న 'ఏమో' అడ్డొచ్చింది. ఇప్పుడు నిజం చెబితే, అప్పుడు చెప్పనిది కూడా చెప్పాలి.

"ఎవలో పెట్టిర్రు సారూ. ముందుగాల దాని పానం జూడు" అంది ముత్తమ్మ.

సెలైను, ఎనీమా, ఇంజెక్షన్లు. సాయంత్రం దాకా నలుగురూ ఆ కుక్కతోనే ఉన్నారు. చివరికి ఎముక ముక్కలు బయటపడ్డాయి. ఇంకో పూట ఆగి ఉంటే పేగుకు చిల్లు పడేదన్నాడు డాక్టరు. వేదవతి బూరె మెడ మీద మొహం పెట్టి ఏడ్చింది. బతికిందన్న సంతోషం అందులో సగమే.

నాలుగో రోజు జోగారావు వచ్చాడు. బూరెను ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకి పరీక్షించి, నిర్ణయం చెప్పాడు. "వనస్థలిపురంలో ఇల్లు చూశారట మనవాళ్ళు. నెలాఖరుకి మారిపోదాం. వీళ్ళకి చెప్పినా బుర్రకెక్కదు."

వేదవతి "ఇప్పుడెందుకండీ" అనేలోపే కిందికి దిగాడు. ముత్తమ్మ వరండాలో కూర్చుని, బతుకమ్మ పేర్చడానికి తంగేడు, గునుగు పూలు వేరు చేసుకుంటోంది. జోగారావు గొంతు తగ్గించి, క్లాసులో మొండి విద్యార్థికి చెప్పినట్టు ఒక్కో మాటా విడదీసి చెప్పాడు.

"ముత్తమ్మగారూ, ఉడికినవి పెట్టొద్దని అన్ని సార్లు చెప్పాం. మీరు తిన్న ఎముకలు వేశారు. అది మూగజీవి కదా. మేం ఇల్లు ఖాళీ చేస్తున్నాం. మీమీద కోపం లేదు."

ముత్తమ్మ చేతిలో పూలు అలాగే పట్టుకుని, మెట్ల మీద నిలబడ్డ వేదవతి వైపు తలెత్తి చూసింది. అంతే, చూసింది.

వేదవతి వెనుదిరిగి డాబా ఎక్కింది. ట్యాంకు వెనక నుంచి గిన్నె తీసి, అలాగే చేత్తో పట్టుకుని కిందికి వచ్చి, ఇద్దరి మధ్యా నేల మీద పెట్టింది. అంచు వెంట పసుపు ఎండి గీత కట్టింది. అడుగున ఒక కోడి ఎముక ఉంది.

"నేనే కాచానండీ. పాలు కాచినట్టు మూడు సార్లు కాచాను. వీళ్ళేం పెట్టలేదు. మీరు అడిగినప్పుడు చెప్పలేదు, నాకు సిగ్గేసింది."

"నువ్వా? మాంసమా?" అన్నాడు జోగారావు. కుక్క సంగతి కంటే అదే అతనికి మింగుడుపడలేదు.

ముత్తమ్మ ఒక తంగేడు రెబ్బ తీసి పక్కన పెట్టింది.

"ఆటోల కక్కినప్పుడే పసుపు జూసినమ్మా. నేనిచ్చిన పచ్చి మెడలకు పసుపు ఏడికెల్లి ఒస్తది?" అంది నెమ్మదిగా. "దవాఖానల చెప్తవనుకున్న. ఇంటికొచ్చినంక చెప్తవనుకున్న. నాలుగొద్దులు రోజూ నీ మొకం జూసిన. ఇయ్యాల సారు గిట్ల అంటుంటే గూడ జూసిన."

వేదవతి కింది మెట్టు మీద కూలబడి ఏడ్చింది. జోగారావు గిన్నె చేతిలోకి తీసుకున్నాడు. బూరె వచ్చి దాని అంచు నాకబోతే పైకెత్తి పట్టుకున్నాడు. ఏడవకని ముత్తమ్మ అనలేదు. కాసేపయ్యాక గునుగు పూల కట్ట ఒకటి వేదవతి ముందుకు జరిపి, "కాడలు సమంగ కోసియ్యి" అంది.