రెండు వేళ్ల ఎడం

సత్తెనపల్లిలో ట్రాక్టర్లకు పట్టాలు కుట్టే పానకాలుకి ముప్పై ఏళ్లలో మొదటిసారి కారు పని వచ్చింది. టాపు వెనక్కి మడిచే పాతకాలం కారది. "గుడ్డ మళ్లీ దొరకదు, అతుకు కనపడకూడదండీ" అని చెప్పి వెళ్లాడు దాని యజమాని సురేంద్ర.

ఇప్పుడాయన వచ్చే వేళయింది. కొత్త టాపు ఎంత లాగినా ముందు అద్దానికి రెండు వేళ్ల ఎడంలోనే ఆగిపోతోంది.

"పట్టాలోడికి కార్లెందుకురా?" పక్క షెడ్డులోంచి మెకానిక్ అంకమ్మరావు నవ్వాడు.

పానకాలు పళ్లు కొరుక్కుంటూ ముక్క అతకడానికి కత్తెర తీశాడు. టీ తెచ్చిన భార్య వెంకటరావమ్మ చెయ్యి పట్టుకుంది.

"ఆగు మావా! ముందు కొక్కెం పడకుండానే వెనక అంత బిగించేశావేం?"

"పట్టా అలాగేగా కట్టేది?"

"ఇదేమన్నా మిరపబస్తాల మీద పట్టానా? మా చీరాలలో, పుట్టింటి మగ్గం మీద పడుగు దారాల్ని ముందు రెండు కొసలా కడతారు. ఆ తర్వాతే బిగువు పెడతారు."

పానకాలు వెనక మరలన్నీ వదులు చేశాడు. ముందు కొక్కెం టక్కున పడింది. అప్పుడు వెనక కొద్దికొద్దిగా బిగించాడు. ఎక్కడా ముడత లేదు.

సురేంద్ర వచ్చి టాపంతా తడిమి చూశాడు. "అతుకే లేదు! ఎక్కడ నేర్చుకున్నారు?"

పానకాలు అంకమ్మరావుకి వినపడేలా గొంతు పెంచాడు. "మా అత్తారింట్లోనండీ!"