పన్నెండో కాడ

గోపాలసామి మోచేతుల దాకా చేతులు గాజు పెట్టెలోకి దూర్చి, తుంటి ఎముకలో దించే టైటానియం కాడను గరుకుపొడి ధార కింద తిప్పుతున్నాడు. మెరుపు చచ్చి, పిల్లి నాలుకలా గరుకెక్కాలి. తర్వాత యాసిడ్ తొట్టి, కడుగుడు. అప్పుడే ఎముక వచ్చి పట్టుకుంటుందట. పదేళ్ళ కిందట కోయంబత్తూరులోని ఇదే ఫ్యాక్టరీలో ఇవే కాడలను అద్దాల్లా మెరిపించి, వాటిలో చూసి మీసం దువ్వుకున్న ఘనత కూడా ఆయనదే.

ఆయన భార్య రాజమ్మాళ్ తుంటిలో వేసింది నునుపు కాడ. ఎముక పట్టలేదు, చీము పట్టింది. అది తన చేతి మెరుగేనా అని ఆయన ఎవరినీ అడగలేదు. ఆమె పోయి మూడేళ్ళు. మిషను ఆపినప్పుడల్లా వెనక ఒక అడుగు, ఒక ఈడ్పు వినిపిస్తాయి. ఆయన తిరిగి చూడడు. సొంత భార్య నడకను గుర్తుపట్టడానికి తిరిగి చూడాలా!

ఆరోజు ఆయుధ పూజ. మిషనుకీ, తలుపుకీ, చివరికి చీపురుకీ చందనం బొట్లు పెట్టాడు. అలవాటుపడ్డ వేలు ఆగక, కడిగి ఆరబెట్టిన ట్రేలో పన్నెండో కాడకూ పెట్టేసింది.

తనిఖీ చేసే గాయత్రి చూసి నవ్వింది.

"ఏం మామా, దీనికీ పూజనా? కడిగేయండి. సాయంత్రం ఆస్పత్రికి పోవాల."

"కడిగితే పోదు అమ్మిణీ. పట్టినదాన్ని వదలకూడదనే గదా గరుకు చేసేది."

"ఎవురికి తెలుస్తాది?"

"ఆ కాలుకి తెలుస్తాది."

"ఒకటి తగ్గితే ముదలాళి మిమ్మల్ని ఇంటికి పొమ్మంటాడు. పోయిన నెలే కండ్లు సరిలేవన్నాడు."

"పోతా. ఇంట్లో మీ అత్త ఉండాది గదా."

గాయత్రి నవ్వు ఆగిపోయింది.

గోపాలసామి ఆ కాడను పక్కన తీసిపెట్టి, తనిఖీ చీటీ మీద తప్పు తనదేనని తమిళంలో రాసిచ్చాడు. ఫ్యాక్టరీ యజమాని, ఆ ముదలాళి, గాయత్రి అన్నంత పనీ చేశాడు. పండగ కాబట్టి బొరుగుల పొట్లం ఇచ్చి మరీ పొమ్మన్నాడు. పనికిరాని కాడనూ తీసుకుపొమ్మన్నాడు.

ఇంట్లో దాన్ని రాజమ్మాళ్ పటం ముందు పెట్టి, కుర్చీలో వాలాడు. వంటింట్లోంచి అడుగులు వినిపించాయి. ఈడ్పు లేదు. రెండు కాళ్ళూ సమంగా పడుతున్నాయి. ఆయన మొదటిసారి తిరిగి చూశాడు.

పొద్దున పాలు తెచ్చిన పక్కింటావిడ మూకాయి ఎంత పిలిచినా ఆయన పలకలేదు.

కర్మలయ్యాక గాయత్రి వచ్చి పటం తుడిచింది. కాడను సబ్బుతో రుద్ది, వేణ్ణీళ్ళతో కడిగి, వెలుతురుకి పెట్టి చూసింది. చందనం బొట్టు అలాగే ఉంది.